ఆ అయిదు పుస్తకాల్లో ఎవరి మాట నమ్మాలి?

పేరు వెయ్యవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పొడవుగా ఉంది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె పెరిగిన సంఘంలో భాషలు మాట్లాడరు, అంటే ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో పలకడం ఉండదు. ఆ వరం అపొస్తలుల కాలంతోనే ఆగిపోయిందని అక్కడి బోధ. ఆరాధనలో స్త్రీలు ముసుగు వేసుకొని మౌనంగా కూర్చుంటారు. పైకి ప్రార్థన చేసేదీ వాక్యం చెప్పేదీ మగవాళ్ళే. పెళ్ళయ్యాక వెళ్తున్నది భర్తగారి పెంతెకొస్తు సంఘం. అక్కడ ఆడవాళ్ళు ప్రార్థన నడిపిస్తారు, ప్రవచిస్తారు, అంటే దేవుడు ఇచ్చాడనుకున్న సందేశాన్ని పైకి పలుకుతారు. భాషలు మాట్లాడితేనే పరిశుద్ధాత్మ బాప్తిస్మం పొందినట్టు లెక్క. ఈమెకు ఆ అనుభవం లేదు. ఉపవాస కూడిక జరిగిన ప్రతిసారీ అత్తయ్యగారు పక్కన చేరి "నోరు తెరిచి మొదలుపెట్టమ్మా, మిగతాది ఆత్మే చూసుకుంటాడు" అంటారు. ఒక రాత్రి తట్టుకోలేక పక్కవాళ్ళు పలుకుతున్న శబ్దాలనే తనూ పలికింది. అందరూ దేవుణ్ణి స్తుతించారు. ఇంటికొచ్చాక ఈమెకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే పాస్టరుగారు 13 నుంచి 18 ఏళ్ళ పిల్లల బైబిలు తరగతి తీసుకోమన్నారు. నెలాఖరులోగా ఏదో ఒక సంగతి చెప్పాలి. నాన్నగారు "అది వాక్యానికి విరోధం" అన్నారు. భర్త "నీ ఇష్టం" అన్నారు. అన్నయ్య బైబిలు పండితులు వార్‌ఫీల్డ్, గాఫిన్‌ల పుస్తకాలు పంపాడు. ఆడపడుచు 1 కొరింథీ పత్రిక మీద గోర్డన్ ఫీ వ్యాఖ్యానం, క్రోగర్ దంపతుల పుస్తకం చేతిలో పెట్టింది. కార్సన్ అనే మరో పండితుడి పుస్తకం తనే కొనుక్కుంది. "ఏది చదువుతుంటే అదే నిజమనిపిస్తోంది. ఎవరిని నమ్మాలి? తరగతి తీసుకోవచ్చా? ఆ రాత్రి నేను చేసింది పాపమా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. మిగతావాటికన్నా మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది అదే. ఆ రాత్రి ఎవరినో మోసం చేద్దామని మీరు కూర్చోలేదు. చుట్టూ అందరూ ఎదురుచూస్తుంటే తప్పించుకునే దారి లేక ఒక పని చేశారు. దానికి పెద్ద పేరు పెట్టక్కర్లేదు, అలాగని మళ్ళీ చెయ్యనూ వద్దు. అనుకరణతో మొదలైతే నిజమైనది వెనకే వస్తుందన్న సలహా ఎంత ప్రేమతో చెప్పినా 1 కొరింథీ 12-14 అధ్యాయాల్లో ఎక్కడా లేదు. పైగా 12:30లో పౌలు "అందరూ భాషలు మాట్లాడుతున్నారా?" అని అడిగే తీరులోనే "లేదు" అన్న జవాబు ఉంది. పెంతెకొస్తు బోధకులు దీనికి సమాధానం చెప్తారు, న్యాయంగా అదీ వినాలి. కొరింథీ పత్రిక చెప్పేది సంఘంలో వాడే వరం గురించి, తాము చెప్పేది అపొస్తలుల కార్యాల్లో కనిపించే తొలి గుర్తు గురించి, రెండూ వేరని వాళ్ళ వాదన. అపొ.కా. 2, 10, 19 అధ్యాయాల్లో ఆత్మ దిగినప్పుడు భాషల మాట వస్తుంది. 8వ అధ్యాయంలో, సమరయలో రాదు. అక్కడ సీమోను అనే గారడీవాడు ఏదో చూశాడు కాబట్టి అవీ భాషలే అయి ఉంటాయని వీళ్ళు ఊహిస్తారు. ఊహ కావచ్చు, తోసిపారేయదగ్గది మాత్రం కాదు.

ఇక మీ తికమక సంగతి. అది పుస్తకాలు ఎక్కువై వచ్చింది కాదు, నాలుగు ప్రశ్నలను ఒకే మూటగా కట్టుకోవడం వల్ల వచ్చింది. భాషల వరం నేటికీ ఉందా అన్నది మొదటిది. ఉంటే, ఆత్మ బాప్తిస్మానికి అదే తప్పనిసరి గుర్తా అన్నది రెండోది. స్త్రీ సంఘంలో పైకి ప్రార్థించవచ్చా, ప్రవచించవచ్చా అన్నది మూడోది. మగపిల్లలూ ఉన్న తరగతికి స్త్రీ బోధించవచ్చా అన్నది నాలుగోది. మీ నాన్నగారి సంఘం నాలుగింటికీ కాదంటుంది, మీవారి సంఘం నాలుగింటికీ అవునంటుంది. అందుకే ఒక మూట మొత్తంగా తీసుకోవాలి, రెండోది మొత్తంగా వదిలేయాలి అన్నట్టు మీకు కనిపిస్తోంది.

పండితుల దగ్గరికి వస్తే ఆ మూటలు విడిపోతాయి. వేన్ గ్రూడెమ్ అనే పండితుణ్ణి చూడండి: భాషలు, ప్రవచనం నేటికీ ఉన్నాయంటాడు. స్త్రీలు ప్రవచించవచ్చంటాడు, సంఘ పెద్దలుగా బోధించకూడదంటాడు. మీ ఆడపడుచు ఇచ్చిన వ్యాఖ్యానం రాసిన గోర్డన్ ఫీ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు శాఖలో అభిషేకం పొందిన సేవకుడు. అయినా, భాషలే తొలి గుర్తు అన్న తన సంఘపు సిద్ధాంతాన్ని అందరికీ నియమంగా పెట్టడానికి లేఖనంలో తగినంత ఆధారం లేదని రాశాడు. మీ అన్నయ్య పంపిన రిచర్డ్ గాఫిన్‌ది ఇంకా విచిత్రం. వరాలు ఆగిపోయాయనే పక్షంలో గట్టి వాదం ఆయనదే. కానీ "పూర్ణమైనది వచ్చినప్పుడు" అనే 1 కొరింథీ 13:10 మాటకు "బైబిలు పూర్తయినప్పుడు" అని అర్థం చెప్పడాన్ని ఆయన ఒప్పుకోడు. అది క్రీస్తు రాకను గురించిన మాట అంటాడు. ఆయన వాదమంతా ఎఫెసీ 2:20 మీద, అంటే అపొస్తలులు, ప్రవక్తలు పునాది, పునాది ఒక్కసారే వేస్తారు అన్న ఆలోచన మీద నిలబడుతుంది. మీ నాన్నగారు 13:10 చూపించి వాదిస్తారని రాశారు. ఈసారి అన్నయ్యతో మాట్లాడేటప్పుడు, ఆయన పంపిన పుస్తకంలోనే గాఫిన్ ఆ వచనం గురించి ఏమన్నాడో ఇద్దరూ కలిసి చదవండి.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. 1 కొరింథీ 14లో 34వ వచనం స్త్రీలు సంఘాల్లో మౌనంగా ఉండాలంటుంది. 39వ వచనం భాషలు మాట్లాడటాన్ని ఆటంకపరచవద్దంటుంది. నడుమ ఉన్నవి నాలుగే వచనాలు. మీ నాన్నగారి సంఘంలో 34 అన్ని కాలాలకూ, 39 ఆ కాలానికి మాత్రమే. మీవారి సంఘంలో 39 అన్ని కాలాలకూ, 34 ఆనాటి కొరింథుకు మాత్రమే. ఇద్దరి దగ్గరా కారణాలు లేకపోలేదు. ఒక వచనానికి వాడిన కొలబద్దనే రెండోదానికీ వాడి చూపించమని మాత్రం ఇద్దరినీ అడగాలి. మీ ముందున్న అయిదు పుస్తకాలనూ ఈ ఒక్క ప్రశ్నతోనే పరీక్షించండి, సగం పొగమంచు పోతుంది.

ఆ అధ్యాయం 26 నుంచి 40 దాకా నెమ్మదిగా చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. పౌలు అక్కడ మౌనంగా ఉండమన్నది స్త్రీలను మాత్రమే కాదు. అర్థం చెప్పేవాడు లేకపోతే భాషలు మాట్లాడేవాణ్ణి మౌనంగా ఉండమన్నాడు (28). కూర్చున్న మరొకరికి ప్రత్యక్షత కలిగితే ప్రవచిస్తున్నవాణ్ణి ఆగిపోమన్నాడు (30). ఆ తర్వాత స్త్రీలను (34). మూడుచోట్లా గ్రీకు మూలంలో ఒకే క్రియ. మొదటి రెండూ ఒక సందర్భానికి కట్టుబడిన మౌనాలు. మూడోదీ అలాంటిదేనా, లేక పూర్తి నిషేధమా? పైగా 11:5లో స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు ముసుగు వేసుకోవాలని అదే పౌలు రాశాడు. నోరే విప్పకూడని మనిషికి ఎలా ప్రవచించాలో చెప్పడం ఎందుకు? పండితుల తగవు మొదలయ్యేది ఇక్కడే.

జవాబులు ముఖ్యంగా నాలుగు. మొదటిది: 14:34లోని మౌనం ప్రవచనాలను వివేచించే, అంటే అవి నిజమా కాదా అని తూచే సమయానికి, అంటే 29వ వచనంలో చెప్పిన పనికి మాత్రమే సంబంధించింది. కార్సన్ 1987లో రాసిన 'షోయింగ్ ద స్పిరిట్'లో చెప్పేది ఇదే, గ్రూడెమ్‌దీ ఇదే. 2000లో వచ్చిన ఆంథోనీ థిసెల్టన్ బృహద్వ్యాఖ్యానం కూడా ఇటే మొగ్గుతుంది. రెండోది: 35వ వచనంలో ఇంటి దగ్గర భర్తలను అడగమన్నాడు కాబట్టి ఇది కూడికను ఆపి ప్రశ్నలు వెయ్యడం గురించిన మాట. క్రెయిగ్ కీనర్ 1992 పుస్తకం ఈ దారిలో నడుస్తుంది. మూడోది: 34-35 కొరింథీయులే అన్న మాటలు, పౌలు వాటిని ఎత్తిచూపి 36లో మందలిస్తున్నాడు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ అదే పత్రికలో కొరింథీయుల నినాదాలుగా పండితులు గుర్తుపట్టేవి సాధారణంగా ఒక్క పొట్టి వాక్యం, వెంటనే "కానీ" అంటూ పౌలు సవరణ. ఇంత పొడవైనది, కారణాలతో సహా ఎత్తి చెప్పింది ఇంకొకటి చూపించడం కష్టం. నాకు ఈ నాలుగింటిలో బలహీనంగా తోచేది ఇదే.

నాలుగోది ఫీ చెప్పేది, మీ నాన్నగారికి కోపం తెప్పించేది: ఆ రెండు వచనాలు పౌలు రాసినవి కావు, తొలి నకళ్ళలో అంచున ఎవరో రాసుకున్నది తర్వాత లోపలికి చేరింది. "బైబిల్లోంచి వచనాలు పీకేస్తున్నాడు" అన్నారట నాన్నగారు. ఫీ చూపే ఆధారాన్ని ఉన్నదున్నట్టు చూద్దాం. ఇంచుమించు క్రీ.శ. 200 నాటి 46వ పపైరస్ అనే చేతిరాత ప్రతిలోనూ, వాటికానస్, సైనాయిటికస్ అనే ప్రాచీన చేతిరాత ప్రతుల్లోనూ ఈ వచనాలు మన బైబిల్లో ఉన్నచోటే ఉన్నాయి. క్లారోమోంటానస్ వంటి కొన్ని పాశ్చాత్య ప్రతుల్లో మాత్రం 40వ వచనం తర్వాత వస్తాయి. ఇలా చోటు మారిన వాక్యం అంచు నుంచి లోపలికి వచ్చి ఉంటుందన్నది ఫీ అనుమానం. ఫిలిప్ పేన్ అనే పండితుడు 1995 నుంచి ఇంకొన్ని ఆనవాళ్ళు చూపిస్తూ వచ్చాడు. వాటిలో ఒకటి 6వ శతాబ్దపు ఫుల్డెన్సిస్ ప్రతి అంచున తిరగరాసిన భాగం. ఎదుటి పక్షం బలమూ చిన్నది కాదు: ఈ రెండు వచనాలూ అసలే లేని ప్రాచీన ప్రతి ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. చోటు మారడానికి కారణం, వాక్యం సాఫీగా నడవాలని ఎవరో లేఖకుడు సర్దడం కూడా కావచ్చు. ఇంతమాత్రం ఆధారం మీద రెండు వచనాలను పక్కన పెట్టడానికి నేనైతే తొందరపడను. ఫీ కూడా దీన్ని భక్తి లేక చెప్పలేదు, ప్రతులను పోల్చే శాస్త్రంలో పండినవాడు కాబట్టి చెప్పాడు.

మీ నాన్నగారి పక్షం వాళ్ళు 11:5కు చెప్పే జవాబూ మీకు తెలియాలి. "కూడివచ్చినప్పుడు" అన్న మాట 11:17 నుంచే మొదలవుతుంది కాబట్టి 11:5 సంఘ కూడిక గురించి కాదంటారు వాళ్ళు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అయితే 14వ అధ్యాయం ప్రవచనం పనే సంఘానికి క్షేమాభివృద్ధి కలిగించడం అంటుంది. సంఘం లేనిచోట స్త్రీలు ఎవరి కోసం ప్రవచించినట్టు? ఈ ప్రశ్నకు వాళ్ళ పుస్తకాల్లో సరైన జవాబు నాకు కనబడలేదు.

ఇంతవరకు చెప్పింది మీ మూడో ప్రశ్న గురించి. పిల్లల తరగతిది నాలుగోది. దాని వేరు 1 కొరింథీ 14లో లేదు, 1 తిమోతి 2:12లో ఉంది. అక్కడ పౌలు "అధికారం చేయడం" అన్నచోట వాడిన క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఆ ఒక్కచోటే వస్తుంది. అందుకే అది మామూలు అధికారమా, లాక్కున్న పెత్తనమా అని ఇంత రాద్ధాంతం. క్రోగర్ దంపతుల 1992 పుస్తకం ఈ పేరా మీదే. అది మీ ఉత్సాహాన్ని పెంచుతుంది గానీ దానిమీద బరువు పెట్టకండి. ఎఫెసులో ఉండేదని వాళ్ళు కట్టిన మతవాతావరణం చాలావరకు పౌలు తర్వాతి కాలపు ఆధారాలతో కట్టింది. స్త్రీల బోధను సమర్థించే పండితుల్లోనే చాలామంది ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. ఆ పక్షం వాదం గట్టిగా కావాలంటే ఫిలిప్ పేన్ 2009లో వేసిన 'మ్యాన్ అండ్ వుమన్, వన్ ఇన్ క్రైస్ట్' తీసుకోండి. అవతలి పక్షానికి కోస్టెన్‌బర్గర్, ష్రైనర్ సంపాదకత్వంలోని 'వుమెన్ ఇన్ ద చర్చ్' ఉంది. 1995లో వచ్చిన ఈ పుస్తకానికి 2016లో మూడో ముద్రణ వచ్చింది, మొత్తం ఈ ఒక్క భాగం మీదే. రెంటినీ చివరిదాకా చదివే తీరిక మీకిప్పుడు లేదు. ఇద్దరూ అపొ.కా. 18:26లో అపొల్లోకు మార్గం విశదపరచిన ప్రిస్కిల్ల గురించి ఏమంటారో మాత్రం వెతికి పట్టుకోండి. ఎవరి వాదం ఎక్కడ ఇరుకున పడుతుందో అక్కడ తెలుస్తుంది.

చదివే పద్ధతి కూడా మార్చాలి. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే ఏ రచయితైనా తన గాలిలోకి మిమ్మల్ని లాక్కుపోతాడు. "ఏది చదువుతుంటే అదే నిజమనిపిస్తోంది" అన్నది అందువల్లే. వెనకాల ఉండే లేఖన సూచిక తెరిచి 1 కొరింథీ 14:34 దగ్గర వేసిన పేజీలు చూడండి. అవి మాత్రమే చదివి, వెంటనే రెండో పుస్తకంలో అవే వచనాల పేజీలు చదవండి. ప్రతిచోటా ఒక నోటుబుక్కులో రాసుకోండి: ఆయన చూపిన ఆధారం ఏమిటి, ఎదుటివాడి బలమైన వాదాన్ని చెప్పాడా లేక బలహీనమైనదాన్నే కొట్టాడా, ఆనాటి కొరింథు నుంచి నేటి సంఘానికి ఎక్కడ గెంతాడు. మూడోది దొరకడం కష్టం. పండితులు ఆ గెంతు ఒక్క వాక్యంలో, పేరా చివర వేసేస్తారు.

వార్‌ఫీల్డ్‌ను ఇప్పటికి పక్కన పెట్టండి. 1918 నాటి ఆ పుస్తకం ఎక్కువ భాగం తర్వాతి శతాబ్దాల అద్భుతాల కథలను విమర్శించడానికే పోయింది, మీ వచనాలకు సాయం తక్కువ. ఫీ పుస్తకానికి 2014లో సవరించిన ముద్రణ ఉంది, మీ దగ్గరున్నది 1987దైతే అదీ చాలు, ఈ వచనాల విషయంలో ఆయన మాట మారలేదు. కొత్తగా ఒక్కటి కొనగలిగితే 1996లో గ్రూడెమ్ సంపాదకత్వంలో వచ్చిన నాలుగు అభిప్రాయాల పుస్తకం కొనండి. వరాలు నేటికీ ఉన్నాయా అన్నదానిపై గాఫిన్‌తో కలిపి నలుగురు రాసి, ఒకరికొకరు జవాబిచ్చుకున్నారు. వ్యాసాలకన్నా ఆ జవాబులు ముందు చదవండి. ఆత్మ బాప్తిస్మం సంగతి మిమ్మల్ని ఎక్కువ వేధిస్తే జేమ్స్ డన్ 1970లో రాసిన పుస్తకం, దానికి పెంతెకొస్తు పక్షం నుంచి రాబర్ట్ మెన్జీస్ ఇచ్చిన జవాబు ఉన్నాయి. ఇవి నెలాఖరుకు తెమిలేవి కావు.

తరగతి విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఒప్పుకోవచ్చు. అలా చేస్తే "నాకు నచ్చింది కాబట్టి" అనకుండా 1 తిమోతి 2:12ను మీరు ఎలా అర్థం చేసుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. నాన్నగారు ఒప్పుకోరు, కానీ తడబాటు లేని మాట ఆయనకు తక్కువ నొప్పి కలిగిస్తుంది. భర్తతో కలిసి తీసుకోవడం రెండోది. నాన్నగారి సంఘంలోనూ కొందరు దీన్ని సహిస్తారు. అయితే పేరు ఆయనదీ పని మీదీ అయితే అది రెండు నెలల్లో బయటపడుతుంది, 13 ఏళ్ళ పిల్లలు అలాంటివి అందరికన్నా ముందు పసిగడతారు. ఇక మూడోది, ఈ ఏడాదికి వద్దని చెప్పి ఆడపిల్లల తరగతి అడగడం. చదవడానికి సమయం దొరుకుతుంది. మీరు మనసులో ఇంకా పుట్టింటి సంఘంలోనే ఉన్నారని అత్తవారింట అనుకోవచ్చు, దానికి సిద్ధపడాలి.

మూడింటిలో ఏది ఎంచుకున్నా దానికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ ఉత్తరంలో దాన్ని మీరు గమనించినట్టు లేదు. తరగతి మాట వచ్చింది ఆ రాత్రి తర్వాత. చాలా పెంతెకొస్తు సంఘాల్లో బోధించేవాళ్ళు భాషలు మాట్లాడి ఉండాలన్న నియమం ఉంటుంది. మీకు ఆ వరం వచ్చిందనుకొనే పాస్టరుగారు మిమ్మల్ని అడిగి ఉండవచ్చు. అదే నిజమైతే మీరు ఒప్పుకున్న రోజునుంచి ఆ రాత్రి బరువు ప్రతి వారం మోయాలి, ఎప్పుడో ఒకప్పుడు పిల్లల్లో ఒకరు "అక్కా, మీకెలా వచ్చింది?" అని అడుగుతారు కూడా. కాబట్టి ముందు మీవారితో చెప్పండి. "నీ ఇష్టం" అన్న మనిషికి అసలు సంగతి ఇంకా తెలియదని మీ ఉత్తరాన్నిబట్టి అర్థమవుతోంది. తర్వాత ఇద్దరూ కలిసి పాస్టరుగారి దగ్గరికి, కూడిక లేని రోజు వెళ్ళండి. "ఆ రోజు నేను పలికింది వరం కాదండీ, పక్కవాళ్ళను చూసి పలికాను. ఇది తెలిశాక కూడా తరగతి నాకిస్తారా?" అని అడగండి. అంతకుమించి వివరణ అక్కర్లేదు. ఇవ్వనంటే మీ నిర్ణయం సగం ఆయనే చేసిపెట్టినట్టు. ఇస్తానంటే ఆ సంఘంలో మీకు ఎంత చోటుందో తెలుస్తుంది, అత్తయ్యగారిని కాస్త ఆగమని చెప్పమని ఆయననే అడగవచ్చు. 14:28 ప్రకారం తనలో తాను, దేవునితో మాట్లాడుకోవడానికి ఏ కూడికలోనైనా మీకు అనుమతి ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది.

నాన్నగారితో మాట్లాడటం ఆఖర్న, పాస్టరుగారి జవాబు వచ్చాకే. ఈలోగా ఫోన్ వస్తే "చదువుతున్నాను నాన్నా, ఇంకా తేలలేదు" అనండి.